గునుగు దగ్గర మొదలుపెడదాం

(హనుమకొండలో ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల పిల్లలకు సాయంత్రం పూట చదువు చెప్పడానికి ముందుకొచ్చినవారి మొదటి సమావేశంలో, ఎనిమిదేళ్లుగా ఆ పని చేస్తున్న ఒక రిటైర్డ్ టెలిఫోన్ ఆపరేటర్ చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసుకున్నది. మాటల్లో పెద్దగా మార్పులు చేయలేదు.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ తమ్ముళ్లు ముందుకు రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఫ్యాన్ కింద కూర్చున్నవాళ్లు ఎలాగూ లేవరు, వాళ్లనేమీ అనను.

ఇందాక నన్ను పరిచయం చేస్తూ విద్యావేత్త అన్నారు. అది కొట్టేయండి. నేను బీఎడ్ చేయలేదు, టీటీసీ చేయలేదు. ముప్పై ఏళ్లకు పైగా టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో పనిచేశాను. మొదట్లో ట్రంక్ కాల్స్ కలిపే ఆపరేటర్‌ని. ట్రంక్ కాల్ అంటే ఏంటో ఈ డిగ్రీ పిల్లలకు తెలియదు, ఇంటికి పోయి తాతను అడగండి. కాల్ కలవకపోతే బుక్ చేసినవాళ్లు మా మీద అరిచేవాళ్లు. మేం తిరిగి అరిస్తే లైన్ కలవదు కదా. మధ్యలో ఏ ఎక్స్ఛేంజ్ దగ్గర ఆగిందో ఒక్కొక్కరినీ అడుగుతూ పోవాలి. ఆ ఒక్క అలవాటే ఈ పనిలో నాకు పనికొచ్చింది. అదీ ఆలస్యంగా.

ఎందుకు ఆలస్యమో చెప్తాను.

రిటైరైన మూడో నెలలో మా ఇంటి వెనక బడికి పోయి హెడ్మాస్టరమ్మను కలిశాను. రోజూ సాయంత్రం ఒక గంట వచ్చి చదివిస్తానన్నాను. ఆమె ఒప్పుకొని, నాలుగో తరగతి పిల్లలు ఏడుగురిని వరండాలో కూర్చోబెట్టారు. నేను ముందురోజే నాలుగో తరగతి తెలుగు పుస్తకం సంపాదించి, కష్టమైన పదాల కింద పెన్సిల్‌తో గీతలు గీసుకొని, వాటి అర్థాలు చీటీ మీద రాసుకొని మరీ పోయాను. పెళ్లిచూపులకు కూడా అంత తయారవలేదు. చేసిన తప్పంతా ఆ తయారవడంలోనే ఉంది.

ఆ ఏడుగురిలో ఒక పిల్లగాడు. పేరు వద్దులెండి. చదవమంటే పాఠం గడగడా చదివేవాడు, ఎక్కడా ఆగడు. 'వీణ్ని చూసి నేర్చుకోండి' అని మిగతావాళ్లకు రెండు వారాలు చెప్పాను. ఒకరోజు గాలికి పేజీ తిరిగిపోయింది. వాడు ఆగలేదు. పోయిన పేజీలోని పాఠమే చెప్పుకుంటూ పోతున్నాడు. చూపు పుస్తకంలోనే ఉంది, వేలు కూడా వరుస కిందే పోతోంది. నాకు నవ్వొచ్చింది, నవ్వాను. పెద్దమనిషే నవ్వితే పిల్లలు ఊరుకుంటారా? మిగతా ఆరుగురూ నవ్వారు.

మర్నాడు వాడు రాలేదు. ఆ వారమంతా రాలేదు. వాళ్లింటికి పోయాను. నాయనమ్మ గడపలో కూర్చొని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. "కడుపు నొస్తుందని పండుకున్నడమ్మా. పొద్దున బడికి మంచిగనే పోతుండు, సాయంత్రం నీ తానికే రానంటుండు" అంది. లోపల వాడు వింటున్నాడని ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. "రా బిడ్డా" అని పిలిచాను. రాలేదు. ఆమె నాకు చాయ్ పోసింది. తాగి వచ్చేశాను.

ఆలోచించండి. చదవడం రానివాడు నాలుగు పేజీల పాఠాన్ని పక్కవాళ్లు చదువుతుంటే విని మొత్తం నోటికి పట్టాడు. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ఎక్కడ గొంతు పెంచాలో కూడా పట్టాడు. మొద్దు పిల్లగాడు చేసే పని కాదది. రాదని చెప్పుకోవడానికి వాడికి చోటు లేక అంత కష్టపడ్డాడు. ఆ చోటు నా వరండాలో దొరుకుతుందేమోనని వచ్చుంటాడు. నేను నవ్వాను.

కథ సుఖాంతం కావాలని మీ మొహాల్లో కనిపిస్తోంది. నెల తర్వాత వాడు వచ్చాడు, కానీ నా దగ్గరికి కాదు. అప్పట్లో నాతో పాటు ఒక డిగ్రీ అమ్మాయి వచ్చేది, ఆమె పక్కన కూర్చున్నాడు. ఆమె దగ్గరే చదవడం నేర్చుకున్నాడు. ఆ ఏడాదంతా నేను అటుగా పోతే పుస్తకం మూసేసేవాడు.

ఆ అమ్మాయి ఏం చేసిందో నేను దొంగచాటుగా చూసి నేర్చుకున్నాను. పాఠ్యపుస్తకం అసలు తెరవలేదు. చేతిలో ఒక్క కాగితం ఉండేది. 2005 నుంచి ప్రథమ్ సంస్థ దేశమంతా పల్లెల్లో చేస్తున్న 'అసర్' సర్వే గురించి మీరు పేపర్లో చదివే ఉంటారు. ఆ పద్ధతే. ఒకటో తరగతి స్థాయిలో నాలుగు చిన్న వాక్యాలిచ్చి చదవమంటారు. తడబడకుండా చదివితే రెండో తరగతి స్థాయి కథ ఇస్తారు. వాక్యాలు రాకపోతే ఐదు పదాలు. అందులో కనీసం నాలుగైనా చెప్పలేకపోతే ఐదు అక్షరాలు. పిల్ల మూడో తరగతైనా ఐదో తరగతైనా కాగితం మాత్రం ఒకటే.

మన దగ్గరా అంతే. మొదటి రోజు ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి, మిగతావాళ్లకు వినపడకుండా, ఐదు నిమిషాలు చూస్తాం. నోట్‌బుక్‌లో పేరు పక్కన అక్షరం, పదం, వాక్యం, కథ అనే నాలుగింట్లో ఒకటి రాసుకుంటాం. గుంపులు దాన్నిబట్టే గానీ తరగతిని బట్టి కాదు. ఐదో తరగతివాడు, రెండో తరగతి పిల్ల ఒకే గుంపులో కూర్చోవచ్చు. ఒక్కటే జాగ్రత్త, ఆ రెండో తరగతి పిల్ల వాడి సొంత చెల్లెలు కాకుండా చూసుకోండి. ఇంటికి పోగానే చెప్పేస్తుంది.

ఇంకో మాట. అదే రోజు పిల్లను వెనక గోడ దగ్గర నిలబెట్టి బోర్డు మీది అక్షరం కనిపిస్తోందా అని అడగండి. నా దగ్గర ఒకమ్మాయికి చదవడం రావడానికి రెండేళ్లు పట్టింది. బుద్ధి పెట్టడం లేదని ఏడాదిన్నర అనుకున్నాను. కళ్లు సరిగ్గా కనిపించడం లేదని తర్వాత తెలిసింది. కళ్లజోడు వచ్చాక ఆరు నెలల్లో చదివేసింది. ఈ తప్పు కూడా నాదే, ఇంకా ఉన్నాయి.

"మరి బడిలో టీచర్లు ఏం చేస్తున్నారండీ?" అని ఎప్పుడూ ఎవరో ఒకరు అడుగుతారు. ఇవాళ ఎవరూ అడగకముందే చెప్పేస్తాను. 2009 విద్యా హక్కు చట్టం ప్రకారం అరవై మంది వరకు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు టీచర్లు. తరగతులేమో ఐదు. ఒకరు ట్రైనింగ్‌కో ఎన్నికల డ్యూటీకో పోతే ఐదూ ఒక్కరి మీదే. ఆ ఒక్కరే మధ్యాహ్న భోజనంలో గుడ్లు లెక్కపెట్టాలి, రిజిస్టర్లు నింపాలి. 2022 నుంచి ఇంగ్లీష్ మీడియం కూడా వచ్చింది, పుస్తకంలో ఒక పేజీ తెలుగు, పక్క పేజీ ఇంగ్లీషు. అదే ఏడాది ఆగస్టు 15న సర్కారు బడుల్లో తొలిమెట్టు అనే కార్యక్రమం మొదలైంది. ఒకటి నుంచి ఐదు దాకా పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు అడుగు నుంచి నేర్పాలన్నదే దాని ఉద్దేశం. అంటే మనం కనిపెట్టిందేమీ లేదు, టీచర్లకు తెలిసిందే. వాళ్లకు లేనిది ఒక్క పిల్ల పక్కన పదిహేను నిమిషాలు కూర్చునే వీలు. మనకున్నదీ అదొక్కటే. కాబట్టి బడి గేటు లోపల టీచర్ల మీద ఒక్క మాట కూడా జారవద్దు. పిల్లలు వింటారు, మర్నాడు పొద్దున్నే ఆ మాట టీచరుకు చేరుతుంది. మీరు బయటికి, పిల్లలు మీ వెనక గేటు దాకా.

సరే, చదువులోకి వద్దాం. నాకు ఇష్టమైన భాగం ఇదే. పది నిమిషాలు ఎక్కువ తీసుకుంటే క్షమించండి.

అక్షరాలే రాని పిల్లకు అ, ఆ దగ్గర మొదలుపెట్టకండి. యాభై ఆరు అక్షరాలు అయ్యేదాకా ఒక్క పదం కూడా చదవకుండా కూర్చోవాలంటే మీరైనా కూర్చుంటారా? ఎనిమిది తీసుకోండి: క, గ, డ, త, న, ప, ల, వ. గుణింతం లేదు, వత్తు లేదు. వీటితో ఏమేం వస్తాయో చూడండి. తల, కల, వల, వడ, పలక, పడవ, కడవ, గడప, నడక. నాలుగక్షరాల పదం కావాలంటే తలగడ. మొదటి వారంలోనే 'తలగడ' అని సొంతంగా కూడబలుక్కొని చదివిన పిల్ల, ఆ రోజు ఇంటికి పోయి ఇంట్లో తలగడలన్నీ లెక్కపెట్టి వచ్చింది. రెండే ఉన్నాయట.

తర్వాత గుణింతాలు. కొమ్ము నేర్పాలంటే నేను 'గునుగు' అని రాస్తాను. మూడక్షరాలు, మూడింటికీ కొమ్మే. బతుకమ్మ పేర్చే ఊళ్లో గునుగు పువ్వు తెలియని పిల్ల ఉండదు. బోర్డు మీద ఆ మాట చదవగానే వరండా అంతా సంతలా అవుతుంది. ఎవరు ఏ చెరువు కట్ట మీద కోశారు, దానికి రంగులు ఎట్లా అద్దుతారు, ఎవరి బతుకమ్మ పెద్దది... గోల చేయనివ్వండి. గోల చేస్తూనే పదిసార్లు ఆ మాట చూస్తారు. గునుగు వచ్చాక తంగేడు. సున్నా, ఏత్వం, కొమ్ము ఒక్క మాటలో వచ్చాయి. ఓత్వానికి బోనం. దీర్ఘానికి జాతర, మామ.

వత్తుల దగ్గర పెద్ద పెద్ద పిల్లలే ఆగిపోతారు. దానికో కారణం ఉంది. క, గ, ద లాంటి వాటికి తలకట్టు తీసేసి కింద రాస్తే చాలు, వత్తు అయిపోతుంది. చూస్తేనే తెలుస్తుంది. కానీ త, న, మ, య, ల, ర లాంటి కొన్నింటికి వత్తు రూపమే వేరు. అక్షరానికీ దానికీ పోలికే ఉండదు. తెలుగులో ఎక్కువగా కనిపించేవీ ఇవే. మరి వీటిని ఎట్లా గుర్తుపెట్టిస్తారు? పిల్లను ఇంట్లోవాళ్లను పిలవమనండి. అత్త, అన్న, అమ్మ, అయ్య, పిల్ల. ఆరింట్లో ఐదు గడప లోపలే దొరికాయి. ర వత్తు ఒక్కదాన్ని బయటి నుంచి తెచ్చుకోవాలి, చక్రమో పత్రమో. మన చుట్టరికాల్లో ఇన్ని ఇట్లా ద్విత్వాలుగా ఎందుకున్నాయో నాకు తెలియదు గానీ, చదువు చెప్పేవాళ్లకు మాత్రం మహా ఉపకారం.

ఇంకొకటి, 'వు'ను 'మ' అని చదివితే కసురుకోకండి. వ పక్కన తోక పెడితే మ, ఆ తోకే కిందికి దించితే వు. ఈ వయసులో నేనే కళ్లజోడు లేకపోతే తప్పు చదువుతాను.

లెక్కల గురించి ఒక్క సంగతే చెప్తాను, మిగతావి మీకే తెలుస్తాయి. మా బడిలో ఇంకో పిల్లగాడు, తండ్రి ఏనుమాముల మార్కెట్లో హమాలీ, తల్లికి చిన్న కిరాణా డబ్బా. సాయంత్రం డబ్బాలో కూర్చునేది వీడే. యాభైలోంచి 27 తీసివేయమంటే నోట్‌బుక్‌లో 37 అని రాశాడు. సున్నాలోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచే సున్నా తీసేశాడు, ఐదులోంచి రెండు తీసేశాడు. పది లెక్కలిస్తే పదింటికీ అదే దారి. అంటే పరధ్యానం కాదు, వాడికో పద్ధతి ఉంది, అది తప్పు పద్ధతి. నేను 'అప్పు తెచ్చుకోవాలి రా' అని మూడు రోజులు చెప్పాను. అప్పు అనగానే వాడి మొహం ఎట్లాగో అయ్యేది.

నాలుగో రోజు విసుగొచ్చి అడిగాను. "ఒరేయ్, నేను మీ డబ్బాకు వచ్చి 27 రూపాయల సామాను తీసుకొని యాభై నోటిచ్చిన. ఎంతిస్తవు?" కళ్లార్పకుండా "ఇరవై మూడు" అన్నాడు. ఎట్లా అంటే, "ఇరవై ఏడుకు మూడిస్తే ముప్పై. ఇంకో ఇరవై ఇస్తే యాభై. గంతే గద మేడం." నేను నేర్పబోయిన పద్ధతి కన్నా వాడిదే తేలిక. మరి నోట్‌బుక్‌లో అట్లా ఎందుకు చేయలేదని అడిగితే, "గది లెక్క కాదు గద, చిల్లర" అన్నాడు. ఆ మాట నేను చాలా రోజులు మర్చిపోలేదు. అప్పటి నుంచి మా లెక్కల గుంపులో ఒక అట్టపెట్టె దుకాణం ఉంటుంది. కాగితం నోట్లు, చింతగింజలు. పది గింజలు ఒక పొట్లం. పొట్లం విప్పడమే అప్పు తేవడం. ఒక పొట్లం విప్పితే చేతిలోకి పది గింజలు వస్తాయని కళ్లతో చూశాక, నోట్‌బుక్‌లో ఐదును కొట్టేసి నాలుగు ఎందుకు చేస్తారో వాడే పక్కవాళ్లకు చెప్పాడు.

భాష సంగతి కూడా చెప్పాలి. మహబూబాబాద్ వైపు తండా నుంచి వచ్చిన ఒక కుటుంబం, తండ్రి మేస్త్రీ పని. ఆ పిల్ల అమ్మ బొమ్మ గీసి కింద 'యాడి' అని రాసింది. మా కొత్త వలంటీరు ఒకాయన, మంచివాడే, ఎర్ర పెన్నుతో కొట్టేసి 'అమ్మ' అని దిద్దాడు. లంబాడీలో అమ్మను యాడి అంటారు. ఆలోచిస్తే ఆ పిల్ల చేసింది ఎంత పెద్ద పని! తన ఇంటి భాషలోని మాటను తెలుగు అక్షరాల్లో, ఏ తప్పూ లేకుండా, ఎవరూ చెప్పకుండా రాసింది. అంటే చదువు వచ్చేసినట్టే. మనం దానికి ఇంటు కొట్టాం. ఆయన తర్వాత చాలా బాధపడ్డాడు. ఆయన్ను నేనేమీ అనలేదు. 'తొవ్వ' అని రాసిన పిల్లకు 'దారి' అనీ, 'అంగి' అని రాసిన పిల్లకు 'చొక్కా' అనీ దిద్దిన దాన్ని నేనేం అంటాను? కాళోజీ పుట్టినరోజు, సెప్టెంబర్ 9న, తెలంగాణ భాషా దినోత్సవమని ఈ ఊళ్లోనే దండలు వేస్తాం, మర్నాడు తొవ్వను కొట్టేస్తాం. ఇప్పుడు మేం రెండూ రాయిస్తున్నాం. తొవ్వ, పక్కన దారి. అమ్మ, పక్కన యాడి. మిగతా పిల్లలు ఆ అమ్మాయిని 'నీళ్లను మీ దగ్గర ఏమంటరే' అని అడిగి 'పాణి' అని రాసుకున్నారు. వారం పాటు అందరూ పాణి తాగారు.

ఇక కొన్ని కట్టుబాట్లు. ఇవి గబగబా చెప్పేస్తాను, కాగితం కూడా ఇస్తాం. హెడ్మాస్టరు అనుమతి లేకుండా ఏదీ వద్దు. బడి ఆవరణలోనే, వరండాలో గానీ తలుపులు తెరిచిన గదిలో గానీ, ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి. ఏ పిల్లనూ బండి మీద ఒంటరిగా ఇంటికి దింపొద్దు, మీ ఇంటికి పిలవొద్దు. డబ్బులు, చాక్లెట్లు వద్దు. కొట్టడం సంగతి చెప్పక్కర్లేదు. విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్‌లో శారీరక దండనతో పాటు మానసిక వేధింపు కూడా నిషేధమని ఉంది. ఆ రోజు నా నవ్వు అందులోకి వస్తుందా అని చాలాసార్లు అనుకున్నాను.

ఫొటోలు వద్దు. ఒకసారి ఒక సంస్థవాళ్లు వచ్చారు, పేరెందుకు. పిల్లలకు తలా ఒక బ్యాగు ఇచ్చి, వరుసగా నిలబెట్టి ఫొటోలు తీసుకున్నారు. ఇక ప్రతి శనివారం వస్తామన్నారు. ఆ శనివారం పిల్లలు కొత్త బ్యాగులేసుకొని గేటు దగ్గర చీకటి పడేదాకా నిలబడ్డారు. నేను ఇళ్లకు పొమ్మంటే, "వస్తమన్నరు మేడం" అన్నారు.

అందుకే మీ దగ్గర నాకు కావాల్సింది ఎక్కువ రోజులు కాదు. వారానికి ఒక్క రోజే రండి, కానీ ఆ రోజు రండి. రాలేకపోతే ముందు రోజే ఫోన్ చేయండి. పిల్లలు మాత్రం మానేస్తారు, దానికి సిద్ధంగా ఉండండి. పత్తి ఏరే రోజుల్లో కొందరు ఊళ్లకు పోతారు, మిర్చి ఏరే రోజుల్లో ఇంకొందరు. రెండేళ్లకోసారి మేడారం జాతర వస్తే వారం రోజులు వరండాలో నేనూ, మా వాచ్‌మన్ కుక్కా. దసరా సెలవుల తర్వాత సగం మంది సగం మర్చిపోయి వస్తారు. అప్పుడు మళ్లీ ఆ కాగితం తీయండి. 'వాక్యం' అని రాసుకున్న పిల్ల 'పదం' దగ్గర కనిపిస్తే కొట్టేసి పదం అని రాయండి. మీ కష్టం బూడిదలో పోసినట్టు అనిపిస్తుంది. నాకూ అనిపిస్తుంది. రెండు వారాల్లో మళ్లీ పైకి వస్తారు.

(సభలో ఒక విద్యార్థి: "మేడం, మొదట్లో మీ దగ్గరికి రానన్న ఆ అబ్బాయి ఇప్పుడేం చేస్తున్నాడు?")

ఇంటర్ అయిపోయి ఉండాలి. మొన్న చౌరస్తాలో కనిపించాడు, బస్సు కోసం నిలబడ్డాడు. నన్ను చూసి నమస్తే పెట్టాడు. చేతిలో ఫోన్ ఉంది, ఏదో చదువుకుంటున్నాడు. ఏం చదువుతున్నావని అడగబుద్ధైంది. అడగలేదు. అడిగితే ఫోన్ లోపల పెట్టేస్తాడేమోనని.

సరే, టైమైపోయింది, హాలు వాళ్లు తాళం పట్టుకొని నిలబడ్డారు. తలుపు పక్కన బల్ల మీద ఒక రిజిస్టర్ ఉంది. పేరు, ఏ రోజు రాగలరో రాయండి. సోమ, బుధవారాలు నిండిపోయాయి, అందరికీ అవే కావాలి. మంగళవారం, శుక్రవారం ఖాళీ. పెన్ను దారంతో కట్టి ఉంది, పోయినసారిది ఎవరో జేబులో పెట్టుకొని పోయారు.